చలిని కొలిచే పెట్టె

పెట్టె అరచేతంత.
లోపల చిన్న పంకా తిరుగుతుంది, గాలి పీలుస్తుంది, లెక్క రాసుకుంటుంది.
దూలం నుంచి తాడుతో వేలాడగట్టాను
పసివాడు పడుకునే చోటికి మూరెడు పైన.

బయట జూలై మంచు.
లెసోతోలో, ఈ మొఖోట్లోంగ్ కొండల మీద
చెట్టన్నది లేదు,
నీడకీ లేదు, నరకడానికీ లేదు.
ఏడాదంతా దొడ్లో పశువులు తొక్కి తొక్కి
రాయి చేసిన పేడను
పారతో పలకలుగా కోసి గోడవార ఎండబెడతారు.
ఆ పలకల్ని మాఖోత్సో రోజూ లెక్కపెడుతుంది.
శీతాకాలం ఎన్ని పలకల పొడుగో ఆమెకు తెలుసు.

గుండ్రటి ఇల్లు. ఒకటే తలుపు. నట్టింట పొయ్యి.
నట్టింట అంటే నిజంగానే నట్టింట.
పొగకి ఎవరూ దారి చూపలేదు,
అది గడ్డికప్పు దాకా ఎక్కి
కాసేపు ఆలోచించి
మనుషుల్లోకి దిగుతుంది.

"తలుపు తీసి వండుకోవచ్చు కదా" అన్నాను.
శిక్షణలో నేర్పిన మాటే.
ఆమె వాదించలేదు. లేచి తలుపు తీసింది.
మంచుగాలి లోపలికొచ్చి
పసివాడి కంబళి అంచు ఎత్తి చూసింది.
తలుపు మూసింది.
"పొగని కొలుస్తావు, సరే.
చలిని కొలిచే పెట్టె తెచ్చావా అమ్మాయీ?"

తేలేదు.

సంకటి కెలుకుతూ మాట్లాడింది.
వాక్యం మధ్యలో కామా పెట్టినట్టు దగ్గి
ముందుకు పోతుంది, ఆగదు.
పైన మసిబారిన మొక్కజొన్న కంకులు, వచ్చే ఏటి విత్తనాలు.
"పొగ పట్టని గింజకి పురుగు పడుతుంది.
కప్పుకీ అంతే. ఇది మా అత్త నాటి గడ్డి."
నా కాగితంలో వెతికాను.
పొగ చేసే మేలు రాయడానికి గడి లేదు.

తర్వాత గోడమేకు నుంచి ఒక ప్లాస్టిక్ సంచి దింపింది.
రాఖోత్సో కాగితాలు.
సరిహద్దు అవతల బంగారు గనిలో పంతొమ్మిదేళ్ళు
రాతిదుమ్ము పీల్చినవాడు.
ఇంటికొచ్చి మూడు చలికాలాలు
ఈ పొయ్యి పక్కనే, ఈ పొగలోనే కూర్చుని
నాలుగోది చూడలేదు.
ఎక్స్‌రే తీసి మంటకి అడ్డం పట్టింది.
పక్కటెముకల వెనక తెల్లగా మబ్బులు,
మబ్బుల వెనక ఎర్రగా పేడమంట.
మూలన కంపెనీ ముద్ర, ఒక నంబరు.
డబ్బొస్తుందని ఏటా ఎవరో ఒకరు చెప్పిపోతారట.

"ఆయన రొమ్ముకి నంబరుంది" అంది.
"నేను నలభై ఏళ్ళు వంగి ఊదాను ఈ పొయ్యిని.
నా కంపెనీ పేరేమిటో
నువ్వు చదువుకున్నదానివి, రాసుకో."

పెన్ను చేతిలోనే ఉంది.
ఇంధనం: పేడ, అని రాశాను.
వంట ఎన్ని గంటలు, అని అడిగాను.
ఎవరు అడగమంటే అడిగానో ఆమెకూ తెలుసు,
వేళ్ళు మడిచి మర్యాదగా లెక్క చెప్పింది.

మర్నాడు పెట్టె కోసం మళ్ళీ కొండెక్కాను.
తెర మీద గీత
సాయంత్రం దాకా కొండలు కొండలుగా లేచి
రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారిగా చదునైపోయింది.
అక్కణ్ణుంచి తెల్లారేదాకా
ఈ ఇంట్లో గాలి
మంచు మీది గాలంత శుభ్రం.

తల ఎత్తి చూశాను.
పెట్టెకి న్యాకాల్లో ఊలుటోపీ తొడిగి ఉంది,
చెవుల దాకా లాగి.

"రాత్రంతా గుర్రుమంటూనే ఉంది" అంది మాఖోత్సో,
"దానికీ ఎద పట్టేసిందేమో అనుకున్నాను."

ఇలాంటి కొలత చెల్లదు. కొట్టేయాలి, నియమం.
కొట్టేశాను.
టోపీ తీసి లోపలివైపు తిప్పాను.
పెట్టె ఊపిరి తీసిన చోట
తెల్ల ఊలు మీద గుండ్రంగా ఒక నల్ల మరక,
పాలు తాగే నోరంత.

ఆమెకు చూపించాను.
చూసింది.
మోకాలికేసి రెండుసార్లు దులిపి
పిల్లాడి తలకు తొడిగింది.